అర్థమైన మాటలో తప్పెక్కడ?

ఇంగ్లీషు రాతలో తప్పులు రెండు రకాలు. మొదటి రకంలో రాసిన రూపం ఆ భాషలోనే ఉండదు. అక్షరం జారిందని చూడగానే తెలుస్తుంది, కంప్యూటర్ దాని కింద ఎర్రగీత గీస్తుంది. రెండో రకంలో రాసిన మాట నిఘంటువులో ఉంటుంది, దాని స్పెల్లింగులో లోపం ఉండదు, కానీ ఆ చోట ఉండవలసిన మాట అది కాదు. 'ఎ'తో మొదలయ్యే అఫెక్ట్ రావలసిన చోట 'ఇ'తో మొదలయ్యే ఎఫెక్ట్ వస్తుంది. సూత్రం అనే అర్థమున్న ప్రిన్సిపుల్ స్థానంలో కళాశాల అధిపతిని చెప్పే ప్రిన్సిపల్ కూర్చుంటుంది. కదలకుండా ఉన్నదాన్ని చెప్పే స్టేషనరీ, కాగితాలనూ కలాలనూ చెప్పే స్టేషనరీ ఒక్క అక్షరం తేడాతో తారుమారవుతాయి. వ్యాకరణ పుస్తకాలు ఇలాంటి జంటలను పట్టికలుగా వేసి కంఠస్థం చేయిస్తాయి. ఆ పట్టికల వెనుక తత్త్వశాస్త్రం రెండు వేల ఏళ్లకు పైగా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. జంటలోని రెండు మాటలూ సాధువులే అయినప్పుడు, చదివినవారికి భావం కూడా అందినప్పుడు, తప్పు ఎక్కడుంది? మాటలోనా, రాసినవారి మనసులోనా, ఆ భాష మాట్లాడే సమాజంలోనా?

తప్పు మాటలోనే ఉందనాలంటే మాటకూ అర్థానికీ స్వభావసిద్ధమైన సంబంధం ఉండాలి. ప్లేటో రాసిన క్రాటిలస్ సంభాషణ అంతా ఈ వాదం చుట్టూనే తిరుగుతుంది: పేర్లు ప్రకృతి వల్ల ఏర్పడ్డాయా, మనుషుల ఒప్పందం వల్లనా? ఇంగ్లీషు జంటల చరిత్ర చూస్తే ప్రకృతి పక్షం నిలవడం కష్టం. పువ్వును, పిండిని చెప్పే రెండు ఫ్లవర్లూ పుట్టుకలో ఒకే మాట. ధాన్యంలో మేలైన భాగాన్ని దాని పువ్వు అని చెప్పుకోవడంతో పిండికి ఆ పేరు వచ్చింది. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువులో కూడా వాటిని వేరు చేయలేదు. రెండు స్పెల్లింగులు రెండు అర్థాలకు స్థిరపడింది ఆ తర్వాతే. లోహాన్ని చెప్పే మెటల్, మనోధైర్యాన్ని చెప్పే మెటిల్ కూడా అలా విడిపోయినవే. గుట్టుగా మసలుకోవడాన్ని ఒక డిస్క్రీట్ చెబుతుంది, విడివిడిగా ఉండటాన్ని మరొకటి చెబుతుంది. రెండూ ఒకే లాటిన్ పదం నుంచి వచ్చాయి. ఈనాడు తారుమారు చేయకూడదని పిల్లలకు నేర్పే జంటల్లో చాలావాటికి ఒకప్పుడు తారుమారు కావడానికి వీలే లేదు, ఎందుకంటే అప్పుడు అక్కడ ఉన్నది ఒక్కటే.

ఇట్స్ అనే చిన్న మాట సంగతి ఇంకా విచిత్రం. 'దాని' అనే అర్థంలో ఆ రూపం పుట్టింది 16వ శతాబ్దం చివరలో. అంతకుముందు ఆ పని కూడా పురుషవాచకమైన హిజ్ చేసేది. పుట్టిన కొత్తలో, 17, 18వ శతాబ్దాల్లో, పేరున్న రచయితలు సైతం దాన్ని అపాస్ట్రఫీ పెట్టి రాశారు. ఇప్పుడు 'దాని' అనే అర్థంలో ఆ గుర్తు పెడితే చదువు రానివారి కింద లెక్క. డిసింటరెస్టెడ్, అనింటరెస్టెడ్ జంట అయితే ఏకంగా స్థానాలు మార్చుకుంది. స్వార్థం లేని, పక్షపాతం లేని అనే అర్థానికి మొదటి మాట, ఆసక్తి లేని అనే అర్థానికి రెండో మాట వాడాలని నేటి పుస్తకాలు గట్టిగా చెబుతాయి. 17వ శతాబ్దపు రాతల్లో డిసింటరెస్టెడ్ ఆసక్తి లేకపోవడాన్ని, అనింటరెస్టెడ్ నిష్పాక్షికతను చెప్పిన సందర్భాలు దొరుకుతాయి.

కాబట్టి జంటల మధ్య ఉన్న గీతను గీసింది మనుషులే. మనుషులు గీసింది కాబట్టి అది లేదనడం మాత్రం తొందరపాటు. వివాహం, ఆస్తి, చట్టం కూడా మనుషులు ఏర్పరచుకున్నవే, వాటిని అతిక్రమించడం నిజంగానే జరుగుతుంది. మాట తప్పడం కూడా అలాంటిదే అయితే, ఎవరితో చేసుకున్న ఒప్పందాన్ని తప్పినట్టు?

జాన్ లాక్ 1690 నాటి గ్రంథంలో మూడో భాగాన్ని పూర్తిగా మాటలకే కేటాయించాడు. ఆయన దృష్టిలో మాట ముందుగా సూచించేది మాట్లాడేవారి మనసులోని భావాన్ని. ఎదుటివారి మనసులోనూ అదే భావం ఉందని మాట్లాడేవారు నమ్ముకుంటారు, ఆ నమ్మకం వమ్మైనప్పుడు వాదాలు, అపార్థాలు పుడతాయి. పాండిత్య వివాదాల్లో చాలా భాగం వస్తువుల గురించి కాక మాటల గురించే జరుగుతున్నాయని లాక్ చేసిన హెచ్చరిక ఇప్పటికీ విలువైనదే. కానీ అర్థానికి ఆధారం మాట్లాడేవారి భావం ఒక్కటే అయితే పొరపాటు మాట అనేదే ఉండదు. ప్రిన్సిపల్ అని రాసినవారి మనసులో సూత్రమే ఉంది గనుక, వారి వరకు ఆ మాటకు అర్థం సూత్రమే. అప్పుడు దిద్దేవారికి దిద్దే హక్కే ఉండదు. లాక్ ఈ ఇబ్బందిని గుర్తించే, మామూలు సంభాషణలో లోక వ్యవహారమే మాటల వాడకానికి కొలబద్ద అని ఒప్పుకున్నాడు.

1953లో అచ్చయిన విట్‌గెన్‌స్టైన్ గ్రంథం ఈ బలహీనత మీదే దెబ్బ కొట్టింది. ఒక మనిషికి సరైనదిగా తోచిందల్లా సరైనదే అయితే సరి, తప్పు అనే విభజనకు అర్థం లేకుండా పోతుందన్నది ఆయన వాదం. నియమాన్ని పాటించానని అనుకోవడం, నియమాన్ని పాటించడం వేరువేరు విషయాలు. ఈ తేడా నిలవాలంటే ఒక్కరి మనసుకు బయట ఆధారం ఉండాలి. 1979లో టైలర్ బర్జ్ ఒక ఊహా ఉదాహరణతో దీన్ని ఇంకా ముందుకు తీసుకువెళ్లాడు. ఆర్థ్రయిటిస్ చాలాకాలంగా ఉన్న ఒక రోగి, అది తన తొడకు కూడా పాకిందని డాక్టరుతో అంటాడు. అది కీళ్లకు మాత్రమే వచ్చే జబ్బని డాక్టరు చెబుతాడు. అప్పుడు రోగి, 'నా భాషలో ఆ మాటకు అర్థం వేరు' అని వాదించడు. తను పొరబడ్డానని ఒప్పుకుంటాడు, మరి తొడకు వచ్చిందేమిటని అడుగుతాడు. ఆ ఒప్పుకోలులోనే విషయమంతా ఉంది. మాట నోటివెంట వచ్చిన క్షణంలోనే అతను దాని అర్థాన్ని సమాజానికి అప్పగించేశాడు. హిలరీ పట్నం 1975లో చెప్పినది కూడా దీనికి దగ్గరగా ఉంటుంది: ఎల్మ్ చెట్టుకూ బీచ్ చెట్టుకూ తేడా తెలియనివారు కూడా ఆ రెండు పేర్లనూ వాడగలుగుతున్నారంటే, తేడా తెలిసినవారు సమాజంలో ఎక్కడో ఉన్నారన్న ధీమాతోనే.

అయితే సమాజపు నియమాన్ని మీరినా అర్థం అందుతూనే ఉండటాన్ని ఎలా వివరించాలి? రిచర్డ్ షెరిడన్ 1775లో రాసిన 'ద రైవల్స్' నాటకంలో మిసెస్ మాలప్రాప్ అనే పాత్ర మొసలి జాతి జంతువును చెప్పే ఆలిగేటర్ బదులు అన్యాపదేశ కథను చెప్పే ఆలెగరీ అంటుంది. విశేషణాలను చెప్పబోయి సమాధి మీది రాతలను చెబుతుంది. ప్రేక్షకులకు ప్రతిసారీ ఆమె భావం తెలుస్తుంది. ఆ పాత్ర పేరు మీదనే ఇంగ్లీషులో ఈ రకం పొరపాటుకు మాలప్రాపిజమ్ అని పేరు స్థిరపడింది. డొనాల్డ్ డేవిడ్‌సన్ 1986లో అచ్చయిన ఒక వ్యాసానికి ఆమె పొరపాటు మాటనే శీర్షికగా పెట్టి, దాని నుంచి చాలా దూరం వెళ్లాడు. వినేవారు కొన్ని అంచనాలతో సంభాషణలోకి వస్తారు, ఎదుటివారి మాట తీరును బట్టి అప్పటికప్పుడు ఆ అంచనాలను సవరించుకుంటారు. ఆ క్షణానికి ఇద్దరి సవరణలూ కలిస్తే చాలు, అర్థం అందుతుంది. ముందే నేర్చుకున్న ఉమ్మడి నియమాల అవసరం అందులో లేదు. కనుక తత్త్వవేత్తలు, భాషావేత్తలు అనుకునే తీరు భాష అనేదే లేదని ఆయన తేల్చాడు. అర్థం ఇద్దరి మధ్య అప్పటికప్పుడు కుదిరేది కాదు, సామాజిక వ్యవహారానికి చెందినదని మైకేల్ డమ్మెట్ ఆయనకు జవాబిచ్చాడు.

డేవిడ్‌సన్ గమనించిన సంగతిని 5వ శతాబ్దంలోనే భర్తృహరి 'వాక్యపదీయం' తొలి కాండలో చర్చించాడు. అపశబ్దం విన్నవారు దాని ద్వారా సాధుశబ్దాన్ని అనుమానించి, ఆ సాధుశబ్దం ద్వారా అర్థాన్ని చేరుకుంటారన్నది ఆయన చెప్పిన ఒక పక్షం. అమ్మను పిలవబోయి పసిబిడ్డ ఏదో వచ్చీరాని పలుకు పలికితే, అసలు మాట తెలిసిన పెద్దలకు ఆ పలుకులో అది వినిపిస్తుంది. భర్తృహరి, డేవిడ్‌సన్ ఇద్దరూ వినేవారి ఊహకే పెద్దపీట వేశారు. తేడా ఏమిటంటే, భర్తృహరి వర్ణించిన ఊహకు గమ్యంగా ఒక సరైన మాట ఉండి తీరాలి, డేవిడ్‌సన్ ఆ గమ్యమే అక్కర్లేదంటాడు. తారుమారయ్యే జంటల విషయంలో భర్తృహరి వివరణే బలమైనది. మిసెస్ మాలప్రాప్ మాటకు జనం నవ్వేది, ఆమె పలికిన మాటతోపాటు పలకకుండా వదిలిన మాట కూడా వారి చెవిలో మోగినందుకే. ఆ రెండో మాట తెలియనివారికి అక్కడ నవ్వూ లేదు, అర్థమూ లేదు.

ఈ జంటల స్వభావానికి సూటిగా తగిలే మాట కూడా భర్తృహరి దగ్గరే ఉంది. గుర్రాన్ని చెప్పాలంటే అశ్వ అనాలి. శకారం పలకలేక అస్వ అంటే అపశబ్దం. కానీ అస్వ అనేది మరో చోట చక్కటి సంస్కృత పదం: స్వం, అంటే ధనం, లేనివాడని దాని అర్థం. అలాగే గోణి అనే మాట ఆవును ఉద్దేశించి వాడితే తప్పు, తెలుగువారు గోనె అనే సంచిని ఉద్దేశించి వాడితే ఒప్పు. కాబట్టి సాధుత్వం మాటకు అంటిపెట్టుకుని ఉండే గుణం కాదు. ఈ అర్థంలో, ఈ సందర్భంలో అనే సంబంధంలోనే అది ఉంటుంది. మొదట అడిగిన ప్రశ్నకు ఇంతకంటే స్పష్టమైన జవాబు పాశ్చాత్య చర్చల్లో కూడా దొరకదు. ఎఫెక్ట్ తప్పు మాట కాదు, దాన్ని రాసినవారి ఉద్దేశం తప్పు కాదు. ఉద్దేశించిన అర్థానికీ ఎంచుకున్న మాటకూ మధ్య సమాజం ఏర్పరచిన సంబంధం అక్కడ లేదు, అంతే.

ఇందులోంచి ఒక నైతిక విషయం కూడా బయటపడుతుంది. మాట్లాడేవారు వదిలేసిన పనిని వినేవారు తమ ఊహతో పూర్తి చేస్తున్నారు. శ్రమ ఒకరి నుంచి మరొకరికి మారింది. 'అక్కడ', 'వారి' అనే అర్థాలున్న దేర్ జంటలోనూ ఇట్స్ జంటలోనూ ఆ శ్రమ దాదాపు శూన్యం, వాక్యం మిగతా భాగమే అర్థాన్ని పట్టిస్తుంది. అలాంటి చోట తప్పు మర్యాదకు సంబంధించినది, దానికి మనిషి తెలివినీ శీలాన్నీ తూకం వేయడం అన్యాయం. కానీ కొన్ని జంటల్లో వినేవారికి ఊహించే అవకాశమే రాదు. ప్రిస్క్రైబ్ అంటే విధించడం లేదా మందు రాసివ్వడం, ప్రొస్క్రైబ్ అంటే నిషేధించడం. హైపర్‌టెన్షన్ రక్తపోటు ఎక్కువైతే, హైపోటెన్షన్ తక్కువైతే. ఒకదాని స్థానంలో మరొకటి పడినా వాక్యం నిక్షేపంగా నిలబడుతుంది. తప్పు జరిగిందన్న అనుమానమే చదివేవారికి కలగదు, పూర్తి నమ్మకంతో తలకిందులు అర్థాన్ని పట్టుకుపోతారు. కంటికి కనిపించే తప్పు తనను తానే పట్టిస్తుంది. సాధుశబ్దం వేషంలో వచ్చే తప్పు అలా పట్టివ్వదు గనుకనే ఈ జంటల పట్ల జాగ్రత్త అవసరం.

మతం ఈ ప్రమాదాన్ని చాలా ముందే పసిగట్టింది. పతంజలి మహాభాష్యం ఆరంభంలోనే వృత్రుడి కథ వస్తుంది. ఇంద్రుణ్ణి చంపేవాడు పుట్టాలని త్వష్ట యజ్ఞం చేస్తాడు. ఇంద్రశత్రు అనే సమాసాన్ని చివర ఉదాత్తంతో పలికితే ఇంద్రుణ్ణి చంపేవాడని అర్థం, మొదట ఉదాత్తంతో పలికితే ఇంద్రుడే చంపేవాడుగా గలవాడని అర్థం. స్వరం తారుమారైంది, పుట్టిన వృత్రుడు ఇంద్రుడి చేతిలోనే చనిపోయాడు. ఇంగ్లీషులో కూడా ఎడారికీ విడిచిపెట్టడానికీ ఒకే అక్షరాలతో రాసే రెండు మాటల మధ్య తేడా ఊనిక స్థానమే. అయితే త్వష్ట దగ్గర ఉద్దేశం అక్కరకు రాలేదు. మనుషుల మధ్య మాటకు వినేవారి ఊహ తోడుంటుంది. కర్మకాండ దృష్టిలో మంత్రానికి ఆ తోడు లేదు, పలికిందే ఫలిస్తుంది.

ఆ కఠిన నియమాన్ని పతంజలి బతుకంతటికీ చాపలేదన్నది ముఖ్యం. సాధుశబ్దంతోనూ అపశబ్దంతోనూ అర్థం సమానంగానే తెలుస్తుందని, వ్యాకరణం చేసే నియమం ధర్మం కోసమని ఆయన అంటాడు. యర్వాణస్తర్వాణులనే ఋషుల సంగతి కూడా చెబుతాడు. 'యద్వానస్తద్వానః' అనవలసిన మాటను ఆ జ్ఞానులు మామూలు వేళల్లో యర్వాణస్తర్వాణః అనేవారట, అదే వారి పేరైపోయింది. యజ్ఞకర్మలో మాత్రం అపశబ్దం పలికేవారు కాదు, అందువల్ల వారికి దోషం అంటలేదు. మాట తప్పడం ఎక్కడ పాపం, ఎక్కడ కాదు అన్నదానికి ఇంత ఉదారమైన గీత గీసిన వ్యాకరణ సంప్రదాయాలు అరుదు.

ఇంగ్లీషులో వేదాంతం రాసేవారికి ఈ జాగ్రత్త ఇప్పటికీ కావాలి. ఇమనెంట్ అంటే జగత్తులో అంతర్యామిగా ఉన్నది, ఇమినెంట్ అంటే ముంచుకొస్తున్నది. దైవం అన్నిటిలో నిండి ఉందని చెప్పే వాక్యం ఒక్క అక్షరంతో దైవం రేపో మాపో రాబోతోందనే వాక్యమవుతుంది. క్రైస్తవ బోధలో ఈ రెండు భావాలకూ చోటుంది కనుక పొరపాటును సందర్భం కూడా పట్టివ్వదు.

తప్పుకు కారణాలన్నీ ఒకటి కావు. కలం జారడం వేరు, తేడా తెలియకపోవడం వేరు, తెలిసినా నోరు తిరగకపోవడం వేరు. మీమాంసకులు మూడోదానికి అశక్తి అని పేరు పెట్టారు. పొడినేల మీదకు దూకబోయి బురదలో పడ్డట్టని శబరస్వామి పోలిక. ఇంగ్లీషు నేర్చుకునే తెలుగువారికి ఇది నిత్యానుభవం. జడ్ అక్షరం సూచించే ధ్వని తెలుగులో లేదు. పోగొట్టుకోవడాన్ని చెప్పే లూజ్‌లో ఆ ధ్వని ఉంది, వదులుగా ఉండటాన్ని చెప్పే మాట చివర సకారం ఉంది. తెలుగులో మాత్రం లూజు అనేది వదులు అనే అర్థంలోనే స్థిరపడిపోయింది. సలహా అనే నామవాచకం చివరి సకారం, సలహా ఇవ్వడమనే క్రియ చివరి జడ్ ధ్వని కూడా అలాగే కలిసిపోతాయి. బనియన్ అనే వెస్ట్‌ను, పడమర అనే వెస్ట్‌ను వేరు చేసే ధ్వనిభేదం తెలుగు నోటికి అలవాటు లేదు. చెవి విడదీయని జంటను చేయి విడదీసి రాయాలంటే ప్రతి మాటకూ జ్ఞాపకశక్తి మీదే ఆధారపడాలి. ఇలాంటి పొరపాటును అజాగ్రత్త అనడం సరికాదు, పరీక్షలో మార్కు పోవచ్చు గానీ మనిషి గౌరవం పోవలసిన పని లేదు.

ఇక మిగిలింది కాలం. అందరూ చేసే తప్పు ఎన్నాళ్లు తప్పుగా ఉంటుంది? అపభ్రంశాలు పరంపరగా వచ్చి వాడుకలో పాతుకుపోయినవారికి సాధుశబ్దమే అర్థాన్ని చెప్పలేకపోతుందని భర్తృహరి ఒప్పుకున్నాడు. మహాభాష్యంలోని వైయాకరణుడు ఈ సంగతిని ఒక సారథి దగ్గర నేర్చుకుంటాడు. రథం తోలేవాణ్ణి ప్రవేత అని అడిగితే, ప్రాజితను నేనేనని సారథి జవాబిస్తాడు. అది అపశబ్దమని పండితుడు ఆక్షేపిస్తాడు. నీకు సూత్రం తెలుసు గానీ వాడుకలో ఇష్టమైనదేదో తెలియదని సారథి తిప్పికొడతాడు. ఇంగ్లీషులో ఈ పక్షాన్ని 1776లో జార్జ్ క్యాంప్‌బెల్ సిద్ధాంతం చేశాడు: గౌరవనీయుల వాడుక, దేశమంతటి వాడుక, వర్తమాన వాడుక, ఈ మూడూ కలిసినదే ప్రమాణం. తెలుగులో 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో గిడుగు రామమూర్తి గ్రామ్యమని తోసివేసిన రూపాల తరఫున పోరాడింది కూడా శిష్టుల వాడుకనే ప్రమాణంగా చూపి.

ఆ పోరాటం న్యాయమైనదే. కానీ రూపం మారడం, భేదం చెరిగిపోవడం ఒకటి కావు. ఇట్స్ నుంచి అపాస్ట్రఫీ రేపు పూర్తిగా తొలగిపోతే ఆలోచనకు వచ్చే నష్టమేమీ లేదు. ఇన్ఫర్, ఇంప్లై జంట సంగతి వేరు. మాటల్లో ఒక భావాన్ని సూచించడం మాట్లాడేవారి పని, ఆ మాటల నుంచి ఒక భావాన్ని రాబట్టడం వినేవారి పని. 1533లోనే థామస్ మోర్ ఇన్ఫర్‌ను సూచించడానికి దగ్గరైన అర్థంలో వాడాడు కనుక ఈ కలయిక పాతదే. పాతదైనంత మాత్రాన, ఒక నింద ఎవరు వేశారు, ఎవరు ఊహించుకున్నారు అన్న తేడాను ఒక్క మాటలో చెప్పే సదుపాయం అక్కర్లేనిదైపోదు. డిసింటరెస్టెడ్ విషయమూ అంతే. న్యాయమూర్తికి ఆసక్తి ఉండాలి, స్వార్థం ఉండకూడదు. ఆ రెండింటికీ ఒకే మాట మిగిలితే ఈ వాక్యాన్ని చెప్పడానికి మరో దారి వెతుక్కోవాలి.

ఒక్కోసారి ఎవరూ పొరబడకుండానే మాట తారుమారవుతుంది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలులో ప్రివెంట్ అనే మాటకు ముందుగా వెళ్లడమనే అర్థం ఉంది. లెట్ అనే మాట అడ్డగించడమనే అర్థంలో కూడా వస్తుంది. మూల భాష నుంచి అనువదించినవారు తమ కాలానికి సరైన మాటలే ఎంచుకున్నారు. తర్వాతి తరాల భక్తులు తమ కాలానికి సరైన అర్థాలతోనే చదివారు. మొదటి మాట ఆపడమైంది, రెండోది అనుమతించడమైంది, అంటే అనువాదకులు ఉద్దేశించినదానికి నేరుగా వ్యతిరేకం. 1881లో సవరించిన కొత్త నిబంధన వెలువడినప్పుడు, థెస్సలొనీకయులకు రాసిన లేఖల్లో ఆ రెండు మాటలనూ తీసివేసి, ముందు వెళ్లడాన్నీ అడ్డగించడాన్నీ స్పష్టంగా చెప్పే వేరే మాటలు పెట్టారు.